దాపటెద్దు పక్క మారింది

చచ్చిపోయిన మనిషి బొమ్మలు గీసి వెబ్‌సైట్‌కు ఎక్కిస్తాడా? ఎక్కిస్తాడని నిన్న సాయంత్రం దాకా డిటెక్టివ్ సుచరిత నమ్మేదే. నమ్మడమేమిటి, అడిగితే కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టిచ్చేది!

చిన్న ఈరన్న అనే బొమ్మలు గీసే కుర్రాడు పోయి రెండేళ్లు దాటింది. 'బొమ్మలగంప' వెబ్‌సైట్‌లో అతని పేజీని స్నేహితులు తీసేయకుండా అలాగే ఉంచుకున్నారు. నిన్న వేరే ఏదో వెతుకుతూ సుచరిత ఆ పేజీ తెరిచింది. మేకపిల్ల, దిగుడుబావి, గాలిపటం, ప్రతి బొమ్మ కిందా ఒకటే తేదీ. ఈ ఏడు మార్చి పద్దెనిమిది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. పోయినవాడు మార్చిలో బొమ్మలెలా పెడతాడు? అంటే అది బొమ్మ పెట్టిన తేదీ కాదు. పాత సైటును బాగుచేసి, అందులో ఉన్నదంతా కొత్త సైటులోకి మార్చిన రోజు. ఆ రోజు ముద్రే అన్నిటికీ పడిపోయింది.

ఇంత చిన్న సంగతి. దీన్ని పట్టుకోవడానికి డిటెక్టివే అక్కర్లేదు. కానీ పది రోజుల కిందట ఆ తేదీ ఒక్కదాన్నే పట్టుకుని సుచరిత ఒక ఆడపిల్లను దొంగ అని తేల్చేసింది.

బొమ్మలగంప సంగతి కాస్త చెప్పాలి. కంప్యూటర్ ఆటలకు కావలసిన బొమ్మలు గీసి, ఎవరైనా తీసుకోండి అని ఊరికే పెట్టేవాళ్ల చోటు అది. డబ్బు అడగరు, అనుమతి అడగరు. ఒకటే షరతు, గీసినవాళ్ల పేరు వేయాలి. అక్కడ కూలీ అయినా బహుమతి అయినా ఆ పేరే. ఆదోని అవతలి పల్లె నుంచి శివలీల అనే రైతుబిడ్డ పెట్టిన ఎడ్లజత బొమ్మ, బెంగళూరు కంపెనీ ఒకటి జనవరిలో విడుదల చేసిన బండలాగుడు ఆటలో కనిపించింది. పేరు లేదు. ఇదేమని శివలీల అడిగితే, బొమ్మ మాదే, నువ్వే దొంగవని కంపెనీ ఎదురు తిరిగింది. సైటు బాగోగులు చూసే తేజేశ్వర్, మైదుకూరులో పసుపు మండీ వాళ్లబ్బాయి, నిజం తేల్చమని సుచరితను పిలిచాడు. పేజీ కూడా తనే తెరిచి చూపించాడు. కంపెనీ ఆట జనవరిలో వచ్చింది, శివలీల బొమ్మ కింద మార్చి అని ఉంది. ఇంకేముంది! కర్నూలులో బొమ్మలవాళ్లంతా కూడిన హాల్లో, "రెండేండ్ల కిందట పెట్టినానక్కా" అని ఆ పిల్ల ఏడుస్తుంటే, "బొమ్మ కింద తేదీ అబద్ధమాడదమ్మా" అని సుచరిత మైకులో అంది. తమ బొమ్మల కింద కూడా అదే తేదీ ఉందని ఒక్కరూ చూసుకోలేదు, జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు తలుచుకుంటేనే ఇప్పుడు ఆమెకు చెంపలు మండుతున్నాయి. కర్నూలు నుంచి శివలీల పల్లెకు కారు తోలుకుంటూ దారంతా అవే వినిపించాయి.

శివలీల తండ్రి కంబన్న వాకిట్లోనే ఎదురయ్యాడు. కూర్చోమనలేదు. ఎంత ఎండన పడి వచ్చినా మంచినీళ్లు తాగుతావా అని కూడా అడగలేదు. సీమలో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

"ఏమ్మా, ఇంగా ఏమన్నా మిగిలిందా మా ఇంట్లో తీసకపోయేకి?"

"అన్నా, పొరపాటు జరిగినాది. నేను చూసిన తేదీ తప్పు తేదీ. మీ పాప మాటే నిజం. అది చెప్దామనే..."

"పొరపాటు నీది, పరువు మాది. బిందె ఎత్తుకొని బోరింగు కాడికి పోతే బొమ్మలదొంగ వచ్చినాది అంటాండారు. పది దినాలాయ, పిల్ల గడప దాటల్యా. ఆడ మైకులో దొంగ అని, ఈడ మా వాకిట్ల గుసగుసగా కాదంటావా?"

సుచరిత తల ఎత్తి అతని ముఖం చూడలేకపోయింది.

"మైకులోనే చెప్తానన్నా. కానీ నా వట్టి మాట ఇంగ ఎవరు నమ్ముతారు? ఈసారి రుజువుతో చెప్పాల. పాపను రెండు మాటలు అడగనీ."

కంబన్న భుజం మీది తుండుగుడ్డతో కొట్టం వైపు చూపించాడు.

కొట్టంలో సగం ఎడ్లవి, సగం శివలీలది. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ అక్కడే ఉంది. అది ఎడ్ల కోసం పెట్టింది, పిల్ల దాని గాలిలో వాటా పంచుకుంటోంది. రేకు బల్ల మీద పాత లాప్‌టాప్, పక్కన కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పలక, టేపు చుట్టింది. గోడ నిండా బొగ్గుతో ఎడ్లు, నిలబడినవి, లాగుతున్నవి, మోకాళ్ల మీద పడినవి. గాటి దగ్గర నిజం ఎడ్లు రెండూ నెమరేస్తున్నాయి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. నల్లదాని కుడి చెవి కొన చీలి ఉంది. సుచరిత అన్నీ ఒకసారి చూసుకుని బల్ల దగ్గరికొచ్చింది. శివలీల లేవలేదు, తల తిప్పలేదు.

"ఎడ్లజత ఎప్పుడు గీసినావమ్మా?"

"నన్నెందుకు అడుగుతావక్కా? తేదీ అబద్ధమాడదు గదా."

ఆ మాట వినక తప్పదని సుచరితకు ముందే తెలుసు. తెలిసినా గుచ్చుకుంది.

"ఆడింది. నేను దాని మాట నమ్మినా, నీ మాట నమ్మల్యా. తప్పు నాదే. ఇప్పుడు చెప్పు, పూర్తి కాకముందు గీసిన చిత్తుబొమ్మ నీ కాడ ఉందా?"

"ల్యా. పోయినేడు కరెంటు ఎక్కువొచ్చి ఈ లాప్‌టాప్ కాలిపోయినాది. బాగు చేయించినాక పాతవి ఏమీ రాల్యా."

"ఇంకెక్కడా దాచుకోలేదా?"

"సైటులో చిత్తుల పెట్టె అని ఉండె. సగం గీసినవి దాంట్లో పెట్టుకుంటే నాకు, తేజన్నకు తప్ప ఎవరికీ కనపడవు. కొత్త సైటు కట్టినప్పుడు ఆ పెట్టె రాల్యా. మర్చిపోయినానమ్మా అన్యాడు తేజన్న."

"ఆ పెట్టెలో ఎడ్ల చిత్తు ఉండెనా?"

"ఉండె. కుడి పక్కకు పోయేది ఒకటే. ఎడమ పక్కకు తిరిగొచ్చేది తరవాత గీసి, రెండూ కలిపి సైటులో పెట్టినా. దానికి చిత్తు ల్యా."

"రెండోది మళ్లీ గీయడమెందుకు? కుడిదాన్నే అద్దంలో చూసినట్టు తిప్పేస్తే ఎడమది అయిపోదా? అందరూ అట్లనే చేస్తారంట గదా."

శివలీల మొదటిసారి తల తిప్పింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి, కానీ ఈ ప్రశ్నకు మాత్రం ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది.

"గుర్రానికైతే సరిపోతాది. ఎడ్లజతకు సరిపోదక్కా. కాడి కింద ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు. మా తెల్లోడు దాపట, నల్లోడు ఎలపట. ఒకసారి మరిగినాయంటే సచ్చేదాకా అంతే, పక్క మారిస్తే కాడి కింద నిలబడవు. కుడి పక్కకు పోతాంటే మనకు నల్లోడు ముందర కనపడతాడు, తెల్లోడు వాని అవతల. ఎడమ పక్కకు తిరిగొస్తే తెల్లోడు ముందర కనపడాల. బొమ్మ తిప్పేస్తే అప్పుడు గూడా నల్లోడే ముందరుంటాడు. తిరిగినప్పుడంతా ఎడ్లు పక్కలు మార్చుకున్నట్టు! మా నాయనకు చూపిస్తే నవ్వి సస్తాడు."

సుచరిత ఇంకో మాట అడగబోయేంతలో వాకిట్లో కారు హారన్ మోగింది. ఆ మోత ఆమెకు తెలిసిందే. కడప ఓబులేష్! సీమలో సుచరితకు ఎదురు బోర్డు పెట్టుకున్న డిటెక్టివ్ అతనొక్కడే, ఈ కేసులో కంపెనీ మనిషి. నల్ల కళ్లద్దాలు తీయకుండానే కొట్టంలోకి వచ్చేశాడు. వెనకాలే కంబన్న.

"నమస్తే సుచరితమ్మా! నీ పని అయిపోయి పది దినాలాయ గదా. ఈడేం చేస్తాండావు, పేడ ఎత్తుతాండావా?"

"నువ్వెందుకు వచ్చినావో చెప్పు."

"సంతకానికి." బల్ల మీద ఒక కాగితం పరిచాడు. బొమ్మ దొంగిలించాను, క్షమించండి, ఇక ఎక్కడా నా పేరుతో బొమ్మలు పెట్టను అని ఉంది. "ఈ పొద్దు పెడితే ఈడికి అయిపోతాది. పెట్టకపోతే రేపు కోర్టుకు పోతారు. ఏం పెద్దాయనా, కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఉందా నీకు?"

కంబన్న కూతురి వైపు చూశాడు. ఆ చూపు చాలు. శివలీల పెన్ను చేతిలోకి తీసుకుంది.

"పెట్టేస్తాలే నాయనా. ఎట్లయినా దొంగే అంటాండారు."

ఆ పెన్ను ఆ పిల్ల చేతిలో పెట్టింది ఓబులేష్ కాదు, తనే. సుచరిత చప్పున కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"ఆగమ్మా. ఓబులేష్, ఆ తేదీ తప్పు. చచ్చిపోయినోళ్ల బొమ్మల కింద గూడా అదే తేదీ ఉండాది."

"ఉండనీ. తేదీతో నాకు పనిల్యా. పూర్తయిన బొమ్మ ఎవడైనా సైటులోంచి దింపుకుంటాడు. చిత్తు మాత్రం గీసినోని కాడే ఉంటాది. మా కంపెనీ కాడ ఉండాది. ఈ పాప కాడ ఉందేమో అడుగు!" అని పెద్ద ఫోన్ తీసి, వేలితో తెరిచి పైకెత్తి పట్టుకున్నాడు.

తెర మీద సగం గీసిన ఎడ్లు, కుడి పక్కకు. శివలీల గొంతులోంచి సన్నని శబ్దం వచ్చింది. "అది నాదే," అంది.

సుచరిత ఆ పిల్లను ఊరుకోమని సైగ చేసింది. "ఎడమ పక్కకు వచ్చేదాని చిత్తు చూపించు ఓబులేష్."

"అదెందుకుంటాది? తిప్పుకుంటారు. ఒకే పని రెండుసార్లు ఎవడు చేస్తాడు?"

"అయితే ఆట నడిపించు, చూద్దాం."

విసుక్కుంటూనే నడిపించాడు. ఎడ్లు బండ లాక్కుంటూ కుడికి పోయాయి, నల్లది ముందర, తెల్లది అవతల. తిరిగి ఎడమకు వచ్చాయి. మళ్లీ నల్లదే ముందర. కంబన్న ముక్కుతో ఒక నవ్వు నవ్వి, అది నవ్వే వేళ కాదని గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"చూసినావా? తిరిగేసరికి దాపటెద్దు పక్క మారింది. ఈ పాప సైటులో పెట్టినదాంట్లో మారదు, రెండు పక్కలూ వేరే వేరేగా గీసింది. మీవాళ్లు సైటులోంచే ఎత్తుకొనుంటే రెండూ దొరికేవి, తిప్పే పనే ఉండదు. అంటే మీవాళ్ల చేతిలో ఉన్నది ఒక పక్క చిత్తు ఒకటే. అది ఉన్నది ఒకటే చోట. ఈ పాప చిత్తుల పెట్టెలో."

"కథ బాగుండాది. మా ఆర్టిస్టు ముందు గీసినాడు, ఈ పాప చూసి పక్కలు సరిచేసుకొని గీసినాది. కాదని ఎట్ల చెప్తావు?"

"నేను చెప్పను. నీ ఫోన్‌లో నల్లెద్దు కుడి చెవి పెద్దది చేసి చూడు."

ఓబులేష్ చూశాడు. చిత్తుబొమ్మలో కూడా చెవి కొన చీలి ఉంది. సుచరిత పక్కకు తప్పుకుంది. ఆమె వెనకాల గాటి దగ్గర నల్లెద్దు ఈగలు తోలుకుంటూ కుడి చెవి ఆడించింది.

"దూడప్పుడు ముండ్లకంపలో చిక్కుకొని చీలినాది," అన్నాడు కంబన్న. "మీ బెంగళూరోడు మా కొట్టంలోకి ఎప్పుడు వచ్చినాడప్పా?"

ఓబులేష్ కళ్లద్దాలు తీసేశాడు. ముఖం కందగడ్డలా అయింది. ఓడిపోయిన కోపం ఎవరిమీద తీర్చుకోవాలో తెలియక సుచరిత మీదికే తిరిగాడు.

"నువ్వా నాకు చెప్పేది! ఆ పొద్దు ఆ పాపను దొంగ అన్యింది నువ్వు, నేను కాదు. నిన్నెందుకు పెట్టుకున్న్యారో తెలుసా? అన్నా, కంప్యూటర్లు బొత్తిగా తెలియని డిటెక్టివ్ ఎవరన్నా ఉన్నారా అని తేజేశ్వర్ నాకు ఫోన్ చేసినాడు. నీ పేరు చెప్పింది నేనే! ఇద్దరం శానాసేపు నవ్వుకున్న్యాం గూడా!"

సుచరితకు నేల చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. "మీలాంటి అనుభవమున్నోళ్లే కావాలక్కా" అన్నాడు తేజేశ్వర్ మొదటి రోజు. ఆ మాటకు పొంగిపోయి ఆ వారమంతా తనలో తనే మురిసిపోయింది కూడా. తన తెలివి చూసి కాదు, తెలియనితనం చూసి ఏరుకున్నాడు. తండ్రీ కూతుళ్ల ముందు, ఎదురు డిటెక్టివ్ ముందు, ఎడ్ల ముందు, ఆ సంగతి తెలిసింది.

కానీ ఎంత సిగ్గుపడినా ఆమె డిటెక్టివే. మాట లోపలికి దిగేసరికి దాని అడుగున ఇంకో మాట కనిపించింది.

"ఓబులేష్," అంది నెమ్మదిగా. "నన్ను పెట్టుకున్నోడు, నాకంటే ముందు నీతో ఎందుకు మాట్లాడినాడు? నువ్వు వాళ్ల ఎదురు పక్షం గదా. చిత్తుల పెట్టె తెరవగలిగేది ఈ పాప, తేజేశ్వర్. ఇద్దరే. నీ కంపెనీకి ఆ చిత్తు ఎవరిచ్చినారు?"

తను ఏం చెప్పేశాడో ఓబులేష్‌కు అప్పుడే అర్థమైంది.

"నాకు తెలియదు," అన్నాడు. గొంతు మారిపోయింది. "వాళ్ల ఆర్టిస్టు గీసినాడనే చెప్పినారు. నమ్మినా."

"నేనూ అట్లనే నమ్మినా. ఇప్పుడు తెలిసినాక గూడా ఆ కాగితం మీద సంతకం పెట్టించుకున్న్యావంటే, దొంగసొత్తు మోసింది నువ్వే అవుతావు."

ఆమె ఫోన్ తీసి తేజేశ్వర్‌కు కలిపింది. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

"తేజా, పాత సైటు నడిచిన కంప్యూటర్ డబ్బా ఒకటుండాలే, ఇంకా ఉందా?"

"మండీ మేడ మీద ఉండాదక్కా. ఈ పొద్దే తుడిచేస్తాండా, కొత్తదానికి చోటు చాలడంల్యా. ఏం, దాంతో ఏం పనిబడింది?"

శివలీల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అసలు తేదీలూ, చిత్తుల పెట్టే, అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. అది తుడిస్తే ఆ పిల్ల పేరు కూడా తుడిచినట్టే.

సుచరిత గొంతులోకి అమాయకత్వం తెచ్చుకుంది. పెద్దగా కష్టపడాల్సిన పనేమీ లేకపోయింది.

"నాకేం తెలుసు నాయనా ఆ డబ్బాల సంగతి. కంపెనీవాళ్లు ఒకసారి చూసుకుంటారంట, అంతదాకా ముట్టుకోవద్దని ఓబులేష్ చెప్పమన్నాడు."

"సరేలే అక్కా. ఇంతకూ పాప సంతకం పెట్టినాదా?"

సంతకం సంగతి ఆమె ఎత్తనే లేదు. తను ఎక్కడుందో కూడా చెప్పలేదు.

"పెడతాంది," అని ఫోన్ పెట్టేసింది.

నిమిషం కాలేదు. ఓబులేష్ చేతిలో ఫోన్ మోగింది. తెర మీద తేజేశ్వర్ పేరు. ఒక్క మాట చాలు, అంతా బూడిదవుతుంది. సుచరిత అతన్ని బతిమాలలేదు, బెదిరించలేదు. ఆ హక్కు తనకు లేదనిపించింది. శివలీల మాత్రం లేచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"అన్నా, మా నల్లోని చెవి చూసినావు గదా."

అంతే అంది. ఓబులేష్ ఫోన్ ఎత్తి, ఆ పిల్ల వైపు చూస్తూనే స్పీకర్ నొక్కాడు.

"అన్నా, ఆ డిటెక్టివక్క డబ్బా ముట్టుకోవద్దంటాంది. నువ్వే చెప్పినావా? ఆమెకేమన్నా అర్థమైనాదా ఏంది?"

"ఆమెకేం అర్థమైతాదప్పా!" ఓబులేష్ పెద్దగా నవ్వాడు. కళ్లు మాత్రం నేల చూస్తున్నాయి. "ఆమె సంగతి మనకు తెలిసిందే గదా. నేనే చెప్పమన్నా. అట్లనే ఉంచు."

"సరేన్నా. ఆరింటి దాకా చూస్తా. ఎవరూ రాకపోతే తుడిచేస్తా. ఇంగ దాన్ని ఇంట్లో పెట్టుకోవాలంటే నాకు భయమైతాంది."

తేజేశ్వర్ ఫోన్ పెట్టేశాడు. ఆ నవ్వు, ఆ మాట నలుగురి ముందూ పడ్డాయి. సుచరిత తల వంచుకునే విన్నది. నిజమే కాబట్టే తేజేశ్వర్ దాన్ని అంత సులభంగా నమ్మాడు. ఆ పిల్లకు తను చేసిన మొదటి ఉపకారం తన తెలివితక్కువతనమే అయింది.

టైము పన్నెండున్నర. తేజేశ్వర్ మండీ ఉన్న మైదుకూరుకు ఎంత వేగంగా తోలినా ఐదు గంటల పైనే పడుతుంది. ఆమె కారు తాళం తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి కంబన్న చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెంబు అందించాడు. ఆమె తాగింది.

కారు తలుపు తీస్తుంటే అవతలి తలుపు కూడా తెరుచుకుంది. శివలీల. పది రోజులకు గడప దాటిన పిల్ల, వీధిలో జనం చూస్తుండగానే ముందు సీటులో ఎక్కి కూర్చుంది.

"నిన్ను దొంగన్న మనిషి కార్లో వస్తావామ్మా?" అంది సుచరిత.

"నిన్ను నమ్మి రాలేదక్కా," అంది శివలీల, ముందున్న రోడ్డు వైపే చూస్తూ. "నా ఎడ్లను నేనే తోలుకొని రావాల. పోనియ్."